పెరటికోళ్ళకు ఏలికపాముల మందు

మన డెల్టా గ్రామములలో కోళ్ళు లేని పెరడు అరుదు. నాలుగైదు పెట్టలు, ఒక పుంజు, గంప క్రింద ఒక పిల్లలకోడి: సాధారణముగా మంద యింతే. కళ్ళములో రాలిన గింజలు, వంటింటి నూకలు, గడ్డివామి మొదట దొరకు పురుగూ పుట్రా తిని అవి పెరుగును. గ్రుడ్ల మీద వచ్చు సొమ్ము పెక్కిండ్లలో ఇల్లాలి చేతి ఖర్చునకును, పిల్లల పుస్తకములకును ఆధారము. ఇట్టి కోళ్ళను ఒక్క వారములో ఊరూరంతయు తుడిచిపెట్టు కొక్కెర తెగులుకు భయపడని వారు లేరు. కడుపులోని పురుగులను గూర్చి మాత్రము తలచువారు తక్కువ. ఏలయన అవి పెద్దకోడిని ఒక్కసారిగా చంపవు. గ్రుడ్లు తగ్గును, పొట్ట నిండ మేసినను రొమ్ముటెముక కత్తివలె తేలియుండును, జుట్టు పాలిపోవును, పొదిగిన పిల్లలు రెక్కలు వ్రేలవేసి ఒక్కటొక్కటిగా రాలిపోవును. ఆ నష్టమును గ్రద్ద ఖాతాలోనో పిల్లి ఖాతాలోనో వ్రాసి ఊరకుందుము.

“ఏ మందు పోయవలెను?” అని సభ్యులు తఱచుగ అడుగుదురు. ఏ పురుగో తెలియక మందు కొనుట తాళము చూడక తాళపుచెవి కొనుటవంటిది. తెలిసికొనుట కష్టము కాదు. ఇంట కోడిని కోసిన దినమున పేగులను పారవేయక మునుపు ఒక పళ్ళెములో నీరు పోసి, కత్తెరతో నిలువునా చీల్చి చూడుడు. చిన్నపేగులో తెల్లగా, గుండ్రముగా, రెండు మొదలు నాలుగంగుళముల పొడవున సేమియా పోగులవలె కనబడునవి ఏలికపాములు. తెల్లని నాడావలె చదునుగా, కణుపులు కణుపులుగా నుండి ఒక కొనతో పేగుగోడను కఱచుకొని యుండునవి బద్దెపురుగులు. ఇందొక జాతి కఱచిన చోట పేగునకు చిన్న చిన్న గడ్డలు లేచును. చిన్నపేగు ముగియు చోట ఇరుప్రక్కల సంచులవలె నుండు రెండు గుడ్డిపేగులలో అర అంగుళము పొడవుగల సన్నని పురుగులు మూడవ రకము. ఇవి కోడికి చేయు కీడు స్వల్పమే గాని, టర్కీకోళ్ళను చంపు నల్లతల రోగమును మోసికొని పోవునవి ఇవియే. కావున టర్కీలను కోళ్ళతో కలిపి పెంచరాదు. వెండ్రుకవలె సన్నని మరియొక జాతి గలదు. దానిని కంటితో పోల్చుట కష్టము.

కోడిని కోయు అవసరము లేనివారు తాజా రెట్టను చిన్న సీసాలో పట్టి ఉదయమే పశువైద్యశాలకు తీసికొనిపోయిన, సూక్ష్మదర్శినితో చూచి పురుగు గ్రుడ్లున్నవో లేవో చెప్పుదురు. గన్నవరము చేరువ నున్నవారికి అచ్చటి పశువైద్య కళాశాల గలదు. రెట్టలో బియ్యపు నూకలవంటి తెల్లని ముక్కలు కదలుచుండిన, బద్దెపురుగు ఉన్నదని ఇంటియొద్దనే నిశ్చయింపవచ్చును.

ఇంక పురుగు కోడి కడుపున కెట్లు చేరుచున్నదో చెప్పెదము. ఇది తెలియనిదే తక్కినదంతయు బోధపడదు. ఆడ ఏలికపాము దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. అవి రెట్టతో నేలబడును. పడిన నాడే అవి హాని చేయవు. వెచ్చదనము, తేమ రెండును కుదిరినచో రెండు వారముల లోపుననో ఇంచుమించుగానో గ్రుడ్డులో పిల్లపురుగు తయారగును. అటుపిమ్మట దానిని ఏ కోడి మేతతోనో నీటితోనో మ్రింగినను రోగము పట్టుకొనును. ఆ గ్రుడ్లను తిన్న వానపామును మ్రింగినను అంతే. మ్రింగబడిన పిల్లపురుగు కొన్నినాళ్ళు పేగు పొరలో దాగియుండి, తరువాత వెలుపలికి వచ్చి, ఆఱు మొదలు ఎనిమిది వారములలో తాను గ్రుడ్లు పెట్టనారంభించును. తడినేలలో ఈ గ్రుడ్లు నెలల తరబడి చావవు. సున్నము చల్లినను సులభముగా లొంగవు. వానికి నిజమైన శత్రువులు ఎండయు పొడినేలయు మాత్రమే.

మన సీమలో తేమకు కొదువలేదు. కాలువలకు నీరు వదలినది మొదలు పెరడు ఆఱదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ ప్రక్క పెరళ్ళెన్ని దినములు బురదలో నుండెనో చూచినవారే యున్నారు. నడివేసవిలో నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చినను, నీళ్ళకుండ చుట్టును, తూము ప్రక్కను, పెంటదిబ్బ అంచునను నేల చెమ్మగానే యుండును. కోళ్ళు గీరునదియు అచ్చటనే.

మరియొక సంగతి. మూడు నెలలు దాటిన కోడికి ఏలికపామును తట్టుకొను శక్తి కొంత వచ్చును. పెట్ట చూచుటకు నిగనిగలాడుచుండును గాని దాని కడుపులో నాలుగైదు పురుగులుండి నేలను విత్తుచుండును. ఆ నేలమీదనే దాని పిల్లలు గీరి తినును. పిల్ల చచ్చిన పెరటిలో ముందు మందు పడవలసినది తల్లికి. సంక్రాంతి పందెములకు పెంచు డేగకును కాకికిని నెల తిరుగకుండ మాత్రలు మ్రింగించు ఇండ్లను ఎఱుగుదుము. ఆ ఇంటనే పిల్లలకోడి నోట చుక్క మందు పడదు.

మందులలో పైపరజిన్ చౌక, అపాయము తక్కువ. కాని అది ఏలికపాములకే, అందులోను ఎదిగినవానికే పనిచేయును. బద్దెపురుగున్న కోడికి ఎంత పోసినను సొమ్ము దండుగ. లెవమిసోల్, ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ అనునవి పలు జాతుల గుండ్రని పురుగులకు పనిచేయును. బద్దెపురుగునకు నిక్లోసమైడ్, ప్రాజిక్వాంటెల్ అను వేఱు మందులు గలవు. ఆల్బెండజోలును మోతాదు పెంచి వైద్యులు వాడుదురు. పూర్వము పలుదేశములలో పొగాకు పొడిని మేతలో కలిపి పెట్టెడివారు. పొగాకు మనకు కొత్త కాదు గనుక ఇప్పటికిని చేసి చూచువారు ఉందురు. అందలి నికొటిన్ విషము. పురుగు చచ్చు మోతాదునకును కోడి చచ్చు మోతాదునకును దూరము కొంచెము. మానుట మేలు. వేపాకు, వెల్లుల్లి పెట్టిన తప్పులేదు గాని వానిని నమ్మి మందు మానరాదు.

మోతాదు కోడి బరువును బట్టి యుండును. పశువైద్యుడు ఆల్బెండజోల్ కిలో బరువునకు 10 మిల్లీగ్రాముల చొప్పున వ్రాసెననుకొందము. 2.5 శాతపు ద్రవములో మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాముల మందుండును. కిలోన్నర పెట్టకు కావలసినది 15 మిల్లీగ్రాములు, అనగా 0.6 మిల్లీలీటరు. అరకిలో పిల్లకు 0.2 చాలును. మనుష్యులు వేసికొను మాత్రలో 400 మిల్లీగ్రాములుండును. అది ఈ పెట్టకు కావలసినదానికి ఇరువదియైదు రెట్లకు పైబడినది. సీసాపై శాతము చదువక “అర మూత” అని పోయుట కూడదు. ఈ జాతి మందులు కొన్ని పావురములకు విషమగును; పావురముల గూడున్న ఇంటివారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను.

కోళ్ళఫారములలో నీటిలో కలిపి యిత్తురు. పెరటికోడికి అది కుదురదు. మూకుటిలోని మందునీరు చేదని తోచిన, అది బోదెకో తూమునకో పోయి త్రాగును. మేతలో కలిపిన పుంజు రెండింతలు తినును, చిక్కిన పెట్టకు మిగులదు. తెల్లవాఱకమునుపు గూటిలో నుండగనే ఒక్కొక్కదానిని పట్టి, సూది తీసిన సిరంజితో నోటి ప్రక్కనుండి చుక్కచుక్కగా వదలుట ఉత్తమము. నాలుక మొదట కనబడు రంధ్రము ఊపిరిగొట్టమునకు పోవునది. అందు మందు పడిన కోడి ఉక్కిరిబిక్కిరియై చచ్చును. మందిచ్చిన పిమ్మట ఎన్ని దినములు గ్రుడ్లను, మాంసమును తినరాదో, అమ్మరాదో వైద్యునడిగి అట్లే చేయవలెను.

మందు పురుగును చంపునుగాని నేలమీది గ్రుడ్డును చంపదు. కావున మందిచ్చిన తరువాత రెండు దినములు కోళ్ళను గూటిలోనో దడిలోనో మూసియుంచి, ఆ రెట్టనంతయు ఎత్తి లోతుగా పాతిపెట్టవలెను; లేదా కాగుచున్న పెంటకుప్ప నడుమ వేయవలెను. వెంటనే పెరటిలోనికి వదలినచో చచ్చిన పురుగుల గ్రుడ్లను మనమే జల్లినట్లగును. గూటి నేలను రెండంగుళములు చెక్కి పారవేసి పొడి ఇసుక పోయుడు. గంపను దినమున కొక చోటికి మార్చుడు. నీళ్ళ మూకుడును ఎత్తైన రాతిపై పెట్టుడు. బద్దెపురుగు విషయములో రెట్టను ఎత్తివేయుట మఱియు ముఖ్యము. దాని గ్రుడ్లు చీమలు, పేడపురుగులు, ఈగల కడుపున ఎదిగి, వానిని తిన్న కోడికి సంక్రమించును.

మేత మాటయు చెప్పవలెను. అమెరికాలోని కాన్సాసులో ఆకర్ట్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1930 ప్రాంతమున కోడిపిల్లలపై పరీక్షలు చేసి, ఏ విటమిను లోపించిన పిల్లలు ఏలికపాములకు తేలికగ లోబడునని చూపిరి. ఉత్త నూకలలో ఆ విటమిను లేదు. పిడికెడు తోటకూర, మునగాకు ఖర్చులేనివి.

పిల్లలకు తొలిసారి ఆఱేడు వారముల వయస్సున మందు పడవలెను. ఎనిమిదవ వారమున కొక్కెర తెగులు టీకా వేయింతుము గనుక, దానికి వారము ముందే పురుగులు పోవుట మంచిది. పురుగులు నిండిన కోడికి టీకా పూర్తి బలమునీయదు. మూడు వారములకు మరల ఒక పర్యాయము ఇయ్యవలెను. తొలిసారి పేగుపొరలో దాగిన పిల్లపురుగులు అప్పటికి వెలువడియుండును. పెద్దకోళ్ళకు మూడు నెలల కొకమాఱు చాలును. అందొకటి కాలువలు వచ్చుటకు ముందు, ఎండకు నేల పొడిగా నున్నప్పుడు పడునట్లు చూచుకొనిన ఫలము హెచ్చు.

పదికోళ్ళ ఇంటికి పైలెక్క ప్రకారము ఒక విడతకు పట్టు మందు ఆఱు మిల్లీలీటర్లు. 100 మిల్లీలీటర్ల సీసా నూట అరువది పెట్టలకు వచ్చును. ఇంటికొక సీసా కొని తక్కినది అటకపై పాడుచేసికొనుట ఏల? పైగా కోడికి గట్టు తెలియదు. మన పెరటిలో మందు పోసి ప్రక్క పెరటిలో పోయకున్న నెల తిరుగక మునుపే పురుగు మరల చేరును. వీధికి పదునైదిండ్లవారు చేరి సంఘము ద్వారా ఒక సీసా, రెండు సిరంజిలు తెప్పించుకొని, ఒకే తెల్లవాఱున అందఱి కోళ్ళకును పోయించుట మంచిది. వీధివారు తమ కోళ్ళ సంఖ్య, పిల్లలెన్ని, పెద్దవెన్ని, వ్రాసి యిచ్చినచో మందు ఎంత కావలయునో లెక్క తేలును. రెండవ విడత తేదీని అప్పుడే గూటి తలుపుపై సుద్దతో వ్రాసియుంచుడు.