ఫోనో ప్రీయాంప్లిఫయరు నిర్మాణము

పెద్దలు దాచిన గ్రామఫోను రికార్డులు గల యిండ్లు మా కె. కోటపాడు ప్రాంతమున నేటికిని గలవు. 1974వ సంవత్సరమున దివంగతులైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత యట్టి లాంగ్ ప్లే రికార్డులలో నొకటి. అట్టిదానిని తిప్పుపళ్లెముపై నుంచి, నేటి యాంప్లిఫయరునకు సూటిగా తగిలించినచో స్వరము మిక్కిలి సన్నముగా వినబడును. రికార్డు చెడినదని తలంచి కొందఱు దానిని పారవేయుదురు. లోపము రికార్డుది కాదు. నడుమ నుండవలసిన ఫోనో ప్రీయాంప్లిఫయరు లేకపోవుటయే కారణము.

ఈ యంత్రమునకు రెండు పనులు గలవు. చాలులోని వంకల ననుసరించి సూది కదలగా, దానికి చేర్చిన చిన్న అయస్కాంతము తీగచుట్టల చెంత నూగి విద్యుత్తును పుట్టించును. అది సుమారు 5 మిల్లీవోల్టులు, అనగా వోల్టులో 200వ వంతు. దానిని నూఱు రెట్లు పెంచుట మొదటి పని.

రెండవ పని యింతకంటె ముఖ్యము. దుక్కిలో నాగలి అటునిటు మిక్కిలి యూగినచో నొక చాలు ప్రక్క చాలులో గలియును. మంద్రధ్వనులు రికార్డు చాలును నట్లే యూగించును. కావున రికార్డు చేయువారు మంద్రమును తగ్గింతురు; రాపిడి బుసను జయించుటకై తారమును పెంతురు. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ సంఘమువా రిందుకొక ప్రమాణము నేర్పఱచిరి. సెకనునకు 1000 కంపనముల ధ్వనితో పోల్చగా, 20 కంపనముల ధ్వని సుమారు తొమ్మిదవ వంతునకు తగ్గును. 20,000 కంపనముల ధ్వని తొమ్మిది రెట్లకు మించి పెరుగును. ప్రీయాంప్లిఫయరు దీనికి సరిగా విపర్యయము చేయవలయును. అంతకు పూర్వపు 78 చుట్ల రికార్డుల కీ ప్రమాణము వర్తింపదు. వానికి వెడల్పైన సూదియు వేఱుగా వలయును.

కిట్టు అను విడిభాగముల పొట్లము తెచ్చి విద్యార్థులే దీనిని కూర్పవచ్చును. మొదట ప్రతి రెసిస్టరును మీటరుతో కొలువవలయును. తార మంద్రములను సరిదిద్దునవి కొన్ని రెసిస్టర్లును కెపాసిటర్లునే గనుక, వాని విలువ తప్పినచో గానమే తప్పును. కుడి యెడమ భాగములు రెండు నొక్క తీరున నుండవలయును. పొట్టి భాగములను ముందు, పొడవైనవానిని పిదప నమర్పవలయును. టంకము వేయునపుడు తీగను, పలకమీది రాగిని కలిపి వేడిచేసి, అచ్చట టంకము కరగింపవలయును. కడ్డీమీద కరగించి పూసిన యతుకు నిలువదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ధన ఋణ భేదము గలదు, తిరుగవేసినచో పగులును. ఐ.సి.ని గూటిలో నుంచుటకు ముందే వోల్టులను సరిచూడవలయును. కడపట తిప్పుపళ్లెపు ఎర్తు తీగను ప్రీయాంప్లిఫయరు లోహపు పెట్టెకు బిగింపవలయును. లేనిచో గుంయిమను రొద గానమును మ్రింగును. ట్రాన్స్‌ఫార్మరు దూరముగా నుండవలయును. 230 వోల్టుల కరెంటు పనిని మాత్రము ఉపాధ్యాయుల యెదుటనే చేయవలయును.

పాడినవారు మరల వచ్చి పాడరు. తగ్గించినదానిని పెంచి, పెంచినదానిని తగ్గించి, వారి స్వరమును యథాతథముగా మన కొప్పగించుటయే యీ చిన్న పెట్టె పని. మూలపడిన రికార్డును పారవేయుటకు ముందు తల్లిదండ్రులు తమ బిడ్డల నొకమాట అడుగుదురుగాక యని మా మనవి.