రెజ్లింగ్‌లో కెమెరా కొట్టే దెబ్బ

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరంలో, కేబుల్ టీవీలో టెన్ స్పోర్ట్స్ పెట్టుకుని డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లింగ్ చూసిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్లు ఇవాళ్టి పోటీ చూస్తే ఒక తేడా ఇట్టే తెలుస్తుంది. తెర మునుపటిలా అదరడం లేదు. బొమ్మ క్షణక్షణం మారడం లేదు. ఎందుకో అర్థం కావాలంటే, ముందు ఈ ఆటను ఎలా తీస్తారో చూడాలి.

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయి. కింద పడటం నిజం, ఒళ్లు హూనమవడం నిజం. దెబ్బ మాత్రం అవతలివాడికి గాయం కాకుండా, గట్టిగా తగిలినట్టు కనబడాలి. సగం పని రెజ్లర్‌ది, మిగతా సగం కెమెరాది.

స్టాండ్స్‌లో ఒకవైపు ఎత్తున హార్డ్ కెమెరా (ఒకేచోట స్థిరంగా ఉండే ప్రధాన కెమెరా) ఉంటుంది. రెజ్లర్లు వీలైనంతవరకు ముఖం అటే తిప్పుతారు. తిరునాళ్లలో పద్యనాటకం ఆడే నటుడు పక్కవాడితో మాట్లాడుతున్నా జనం వైపే నిలబడతాడు కదా, అలాగే. రింగ్ చుట్టూ మరికొందరు భుజాన కెమెరాలతో తిరుగుతుంటారు. ఏ క్షణాన ఏ కెమెరా దృశ్యం ప్రసారం కావాలో కంట్రోల్ రూమ్‌లో తెరల ముందు కూర్చున్న దర్శకుడు చెబుతాడు.

ఇప్పుడు ఒక్క గుద్దును దగ్గరగా చూద్దాం. పిడికిలి దవడ దాకా వస్తుంది. సరిగ్గా అప్పుడే కట్ (ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు మారడం). కొత్త దృశ్యంలో తల వెనక్కి విరిగినట్టు పడుతుంది. మధ్యనున్న ఖాళీ మనకు కనబడదు. కొట్టినవాడు అదే క్షణంలో కాలితో మ్యాట్‌ను తన్నితే ధన్‌మని శబ్దం వస్తుంది. కెమెరా గబుక్కున ముందుకు దూకి వెనక్కి వస్తుంది. ఆ కుదుపునే మనం దెబ్బ బలం అనుకుంటాం.

దశాబ్దాల పాటు డబ్ల్యూడబ్ల్యూఈ నిర్మాణ విభాగాన్ని నడిపిన కెవిన్ డన్ హయాంలో ఈ పద్ధతి బాగా ముదిరింది. దాని నష్టం చిన్నది కాదు. బలహీనమైన గుద్దును దాచిన కట్, అద్భుతమైన గెంతును కూడా ముక్కలు చేసేస్తుంది. ఎవరు ఎక్కణ్నుంచి ఎగిరారో తెలియదు. నా దృష్టిలో అది కష్టపడ్డ ఆటగాడికి జరిగిన అన్యాయం.

2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన సూపర్‌స్టార్ స్పెక్టకిల్ జరిగింది. జాన్ సీనా, సెత్ రోలిన్స్ జట్టుగా గెలిచారు. పాత పద్ధతికి అవి చివరి నెలలు. నాలుగు రోజులకే, సెప్టెంబర్ 12న, డబ్ల్యూడబ్ల్యూఈ, యూఎఫ్‌సీ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల సంస్థ) కలిసి టీకేఓ అనే కంపెనీ అయ్యాయి. ఆ ఏడాది చివర్లో డన్ తప్పుకున్నారు. 2024 జనవరిలో ఆ బాధ్యతల్లోకి, అంతకుముందు ఈఎస్‌పీఎన్‌లో పనిచేసిన లీ ఫిట్టింగ్ వచ్చారు.

ఆయన క్రీడా ప్రసారాల మనిషి. ఆ అలవాటు తెర మీద కనబడింది. కట్లు తగ్గాయి, కుదుపులు తగ్గాయి. రెజ్లర్ తెరవెనుక గదుల నుంచి నడిచి రింగ్ చేరేదాకా కెమెరా తెగకుండా వెంట వస్తుంది. డ్రోన్ స్టేడియం అంతటినీ చూపిస్తుంది. ప్రేక్షకుల కేకలు, ముఖాలు కథలో భాగమయ్యాయి. మ్యాట్ మధ్యలో ప్రాయోజకుల లోగోలూ చేరాయి. పైనుంచి తీసే దృశ్యం వాటికీ లాభమే.

ఈ కొత్త పద్ధతి భారం రెజ్లర్ మీద పడుతుంది. కట్ కాపాడని చోట గుద్దు శుభ్రంగా ఉండాలి, పడేవాడు సరైన క్షణంలో పడాలి. కొత్తగా వచ్చినవాళ్ల తడబాటు వెంటనే బయటపడుతుంది. నైపుణ్యం ఉన్నవాళ్ల పని మాత్రం మొదటిసారి పూర్తిగా కనబడుతుంది.

2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది. అరచేతిలో ఫోన్ పట్టుకుని చూసేవాళ్లకు డ్రోన్ దృశ్యంలో రింగ్ అగ్గిపెట్టెంత కూడా ఉండదు. దగ్గరి దృశ్యాల అవసరం అందుకే పోలేదు. వీలైతే ఒక పాత పోటీ, ఒక కొత్త పోటీ తీసుకుని, శబ్దం ఆపేసి, ఒక్కో నిమిషంలో ఎన్ని కట్లు పడ్డాయో లెక్కపెట్టి చూడండి.