గొంతు బొంగురుపోయినపుడు



మా చౌడేపల్లె ప్రాంతమున నెవరికైన గొంతు బొంగురుపోయి నెల గడచినచో పెద్దలు మొదట శంకించునది క్షయ. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915 నాటికే క్షయరోగులకు చికిత్సాలయము వెలసియుండుటచే ఆ వ్యాధి పేరు మాకు చిన్ననాటినుండి పరిచితము. ఆ శంక తప్పు గాదు. స్వరపేటికకు క్షయ సోకుట కలదు. అది మందులతోనే మానును. కాని రాచపుండునకును బొంగురే తొలి గుఱుతు కావచ్చును. పలుమారు కంటిచూపుతో ఈ రెంటిని వేఱుపఱచుట సాధ్యము గాదు.

మా మేనమామ పుంగనూరు సంతలో పశువుల బేరము చేయువాడు. ఆయన గొంతు మారెను. పిదప మెట్లెక్కునపుడు ఆయాసము కలిగెను. మిరియాల కషాయముతో సంవత్సరము గడపెను. తుదకు పట్టణమున నొక వైద్యునికి జూపితిమి. 1854లో మాన్యుయెల్ గార్సియా యను సంగీతోపాధ్యాయుడు చిన్న యద్దముతో తన స్వరతంత్రులను దానే చూచుకొనెను. నేడు ముక్కుద్వారమున సన్నని గొట్టమును బంపి చూతురు. అట్లు చూడగా స్వరతంత్రుల క్రింద నున్నని వాపు కనబడెను, పుండు లేదు. పైపొరనుండి తీసిన ముక్కలో దోషమేమియు లేదనిరి. మేము సంతోషించితిమి గాని వైద్యుడు తృప్తిపడలేదు. సి.టి. స్కాను తీయించి, మత్తు నిచ్చి, లోతునుండి మరల ముక్క తీసెను. క్రికాయిడ్ అను ఉంగరము వంటి మృదులాస్థినుండి పుట్టిన కాండ్రోసార్కోమా యని తేలెను.

స్వరపేటికలోని రాచపుండ్లలో నూటికి తొంబదింటి వఱకు పైపొర కణములనుండి పుట్టునవే. పొగాకు, మద్యము వానికి ముఖ్యకారణములు. తక్కినవి మిక్కిలి యరుదు. అయినను వాని పేరు తెలియనిదే చికిత్స నిర్ణయింప వలను పడదు. కాండ్రోసార్కోమా సాధారణముగా మెల్లగా పెరుగును. కిరణములకంతగా లొంగదు గనుక శస్త్రచికిత్సయే ప్రధానము. లింఫోమా యైనచో మందులతోను కిరణములతోను నయము చేయుదురు. సాధారణముగా స్వరపేటికను దీసివేయ నక్కఱ లేదు. ఎడినాయిడ్ సిస్టిక్ అను జాతి నరముల వెంట ప్రాకును. ఏండ్లు గడచిన పిదప ఊపిరితిత్తులలో దలయెత్తవచ్చును. కావున చిరకాలము కనిపెట్టి యుండవలెను.

ముక్క తీసినచో రోగము ప్రాకునని మావారు వెఱచిరి. ఆ వెఱపు నిరాధారము. ఆలస్యమువలననే హాని యెక్కువ.

మామకు మృదులాస్థిలో కొంత భాగమే తొలగించిరి. వ్యాధి ముదిరియున్నచో స్వరపేటిక నంతయు దీసి, మెడలో రంధ్రముగుండ ఊపిరి పీల్చునట్లు చేయవలసివచ్చెడిది. ఇపుడాయన సంతలో కేక వేయలేడు. కాని ఇంటిలో మనుమలను పేరుపెట్టి పిలుచుచున్నాడు.

మూడు వారములకు మించి బొంగురు నిలిచినను, మ్రింగుట కష్టమైనను, మెడలో గడ్డ తోచినను గొంతు వైద్యునికి జూపుడు. తొలి పరీక్షలో నేమియు లేదన్నను, బాధ నిలిచియున్నచో మరల వెళ్లి యడుగుడు. మా మామ విషయమున రెండవ పరీక్షయే నిజము చెప్పెను.