దెయ్యం ఇంటి నుంచి ‘లైవ్’

1992 అక్టోబర్ 31, శనివారం. రాత్రి 9 గంటల 25 నిమిషాలకు బీబీసీ వన్ ఛానల్లో ‘ఘోస్ట్‌వాచ్’ మొదలైంది. ఆ రోజు హాలోవీన్. లండన్ శివారు నార్త్‌హోల్ట్‌లో ఫాక్స్‌హిల్ డ్రైవ్ అనే వీధి, అందులో ఒక మామూలు ఇల్లు, ఆ ఇంట్లో ఒక తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. ఇంట్లో దెయ్యం తిరుగుతోందని వాళ్ల గోడు. కెమెరాలు బిగించి కనిపెట్టుకుని ఉంటామనీ, ఏం జరిగినా దేశమంతటికీ అప్పటికప్పుడే చూపిస్తామనీ బీబీసీ చెప్పింది. సుమారు కోటీ పది లక్షల మంది చూశారు.

అందులో ఒక్క నిమిషం కూడా లైవ్ కాదు. వీధి పేరు కల్పితం, కుటుంబం కల్పితం. అంతా కొన్ని వారాల ముందే తీసి పెట్టుకున్న టీవీ సినిమా.

*

జనం ఎందుకు నమ్మారంటే, తెర మీద ముఖ్యంగా కనిపించినవాళ్లు అప్పటికే వాళ్లకు బాగా తెలిసిన టీవీ మనుషులు. స్టూడియోలో కూర్చున్నది మైకేల్ పార్కిన్సన్. 1971 నుంచి తన పేరు మీదే ముఖాముఖి కార్యక్రమం నడిపిన పెద్దమనిషి. ఆయన ఒక మాట చెప్పాడంటే బ్రిటన్‌లో దానికి విలువ ఉండేది. ఆ ఇంట్లోకి వెళ్లింది సారా గ్రీన్, పిల్లల కార్యక్రమాలతో ఇంటింటికీ తెలిసిన యాంకర్. స్టూడియోలో ఫోన్ల దగ్గర ఉన్నది మైక్ స్మిత్, నిజజీవితంలో సారా భర్త. బయట వీధిలో జనంతో మాట్లాడుతున్నది క్రెయిగ్ చార్ల్స్. నలుగురూ తమ సొంత పేర్లతోనే కనిపించారు. భార్య ఆ ఇంట్లో ఉంటే స్టూడియోలో భర్త మొహంలో ఆందోళన కనిపిస్తుంది చూడండి, ఏ నటుణ్ని పెట్టినా ఆ నమ్మకం పుట్టేది కాదు.

దెయ్యాల పరిశోధకురాలు డాక్టర్ లిన్ పాస్కోగా గిలియన్ బెవన్, తల్లి పమేలాగా బ్రిడ్ బ్రెన్నన్ మాత్రం నటీమణులే. ఆడపిల్లలుగా నటించిన ఇద్దరూ నిజంగానే అక్కాచెల్లెళ్లు.

*

ఈ కథ రాసినవాడు స్టీఫెన్ వోక్. దర్శకురాలు లెస్లీ మ్యానింగ్. వోక్ మొదట అనుకున్నది ఆరు భాగాల సీరియల్. ఐదు భాగాలు కథలాగా నడిచి, ఆఖరి భాగం మాత్రం ఆ ఇంటి నుంచి ప్రత్యక్ష ప్రసారంలా ఉండాలన్నది ఆయన ఊహ. చివరికి ఆ ఆఖరి భాగమే గంటన్నర సినిమాగా మిగిలింది. ఆ తగ్గింపే దానికి ప్రాణం పోసిందని నా నమ్మకం. ముందు ఐదు వారాలు కథ చూసినవాడు ఆరో వారం దాన్ని వార్తగా ఎందుకు తీసుకుంటాడు?

మనుషుల చెవికి అందకుండా కుక్కలకు, పిల్లులకు మాత్రమే వినిపించే సన్నటి శబ్దం ప్రసారంలో కలపాలని కూడా వోక్‌కు ఒక ఆలోచన ఉండేది. ఇంట్లో పెంపుడు జంతువులు ఉన్నట్టుండి బెదిరిపోతే చూసేవాళ్ల గుండె జారిపోతుంది కదా! సాంకేతికంగా కుదరక వదిలేశారు.

*

కథకు మూలం ఊహ ఒక్కటే కాదు. 1977లో ఉత్తర లండన్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో, ఒంటరి తల్లి పిల్లలతో ఉంటున్న ఒక ప్రభుత్వ గృహంలో గోడల మీద ఎవరో తడుతున్న చప్పుళ్లు, వాటంతటవే కదిలే సామాన్లు అంటూ పెద్ద గొడవ జరిగింది. కుర్చీ కదలడం తాను చూశానని ఒక మహిళా కానిస్టేబుల్ కూడా చెప్పింది. పత్రికలవాళ్లు, పరిశోధకులు నెలల తరబడి ఆ ఇంటి చుట్టూ తిరిగారు. పిల్లలు కొన్నిసార్లు కావాలనే చప్పుళ్లు చేస్తూ దొరికిపోయారు కూడా.

వోక్ ఆ దొరికిపోవడాన్నే కథకు కీలు చేసుకున్నాడు. సినిమా మధ్యలో పెద్ద పిల్ల సుజాన్ తానే గోడ బాదుతూ కెమెరాకు చిక్కుతుంది. ఇదంతా పిల్లల ఆట అని పార్కిన్సన్ తేల్చేస్తాడు. చూసేవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు భయం అక్కడి నుంచే మొదలవుతుంది.

*

దెయ్యం పేరు ‘పైప్స్’. గోడల్లో చప్పుళ్లేమిటని పిల్లలు అడిగితే, నీళ్ల పైపులు కొట్టుకుంటున్నాయిలే అని తల్లి సర్దిచెప్పింది. పిల్లలు దాన్నే పేరుగా పెట్టేసుకున్నారు. మెట్ల కింద పాత సామాన్లు పడేసే అర దాని చోటు.

ఈ దెయ్యాన్ని తెర మీద ఎక్కడా తిన్నగా, తీరిగ్గా చూపించలేదు. కెమెరా పక్కకు తిరిగేటప్పుడు లిప్తపాటు ఒక ఆకారం కనబడి మాయమవుతుంది. మొత్తం ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క మీద అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పిల్లల పడకగది కర్టెన్ దగ్గర నీడ అన్నిట్లోకీ పేరుపడ్డది. కర్టెన్ దగ్గర ఎవరో నిలబడ్డారని ప్రేక్షకులు ఫోన్లు చేస్తున్నారంటూ స్టూడియోలో ఆ దృశ్యాన్ని వెనక్కి తిప్పి వేస్తారు. ఒకసారి ఉన్నట్టుంటుంది, మరోసారి ఏమీ ఉండదు. మాకైతే ఏమీ కనిపించడం లేదంటారు స్టూడియోలో పెద్దలు. ఇంట్లో కూర్చుని చూసేవాడికి తన కళ్ల మీదే అనుమానం పుడుతుంది.

ఇంకో దృశ్యం గురించి చెప్పకుండా ఉండలేను. ఇంట్లో అల్లకల్లోలం జరుగుతుండగా ప్రసారం తెగిపోతుంది. కాసేపటికి బొమ్మ తిరిగి వస్తుంది. అంతా ప్రశాంతం, పిల్లలు హాయిగా ఆడుకుంటున్నారు. స్టూడియోలో అందరి మొహాలూ తేటపడతాయి. డాక్టర్ పాస్కో చూపు మాత్రం గోడ మీద పటం దగ్గర ఆగుతుంది. ఆ పటం ఇందాకే కింద పడిపోయింది, ఇప్పుడు గోడకే ఉంది. అంటే తెర మీద వస్తున్నది ఇప్పటి బొమ్మ కాదు, పాతది. మరి దాన్ని వేస్తున్నదెవరు? రక్తం లేదు, కేకలు లేవు. గోడకున్న పటం ఒక్కటి చాలింది. టీవీ కోసం తీసిన దెయ్యం సినిమాల్లో ఇంత తెలివైన ఎత్తు నేను మరొకటి చూడలేదు.

*

తెర మీద చూపించిన ఫోన్ నంబరు 081 811 8181. అది అప్పట్లో బీబీసీ నిజంగా వాడిన నంబరే. సారా గ్రీన్ చేసే పిల్లల కార్యక్రమం ‘గోయింగ్ లైవ్’లో కూడా అదే. దానికి ఫోన్ చేసినవాళ్లకు ముందుగా ఇది కల్పిత కార్యక్రమమని చెప్పే ఏర్పాటు చేశారు. కాల్స్ వెల్లువెత్తి లైన్లు జామైపోవడంతో ఎంతోమందికి ఎంగేజ్ టోనే వినిపించింది. భయం తగ్గించడానికి పెట్టుకున్న ఏర్పాటు భయాన్ని పెంచింది.

నిజం దాచారని అనడానికీ లేదు. మొదట్లోనే ‘స్క్రీన్ వన్’ అన్న నాటకాల శీర్షిక వేశారు, రచయిత పేరూ వేశారు. ‘రేడియో టైమ్స్’ పత్రికలో నటీనటుల జాబితా కూడా ఉంది. మధ్యలో టీవీ పెట్టినవాళ్లకు అవేవీ తెలియవు.

*

తర్వాత జరిగింది బాధాకరం. ప్రసారమైన కొద్ది రోజులకే ఒక యువకుడు ప్రాణం తీసుకున్నాడు. ఆ కార్యక్రమమే కారణమని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఇది కల్పన అన్న సంగతి ప్రేక్షకులకు మరింత స్పష్టంగా చెప్పి ఉండాల్సిందని ప్రసార ప్రమాణాలను చూసే సంస్థ 1995లో బీబీసీని తప్పుపట్టింది. అంతకు ముందు ఏడాది ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ఇద్దరు డాక్టర్లు, ఈ సినిమా చూశాక తీవ్రమైన మానసిక ఆఘాతానికి లోనైన ఇద్దరు పదేళ్ల అబ్బాయిల గురించి రాశారు. టీవీ కార్యక్రమం వల్ల పిల్లల్లో అలాంటి ఆఘాతం కలిగినట్టు వైద్య పత్రికల్లో నమోదు కావడం అదే మొదలు. సారా గ్రీన్ క్షేమంగా ఉందో లేదోనని బెంగపడ్డ పిల్లల కోసం ఆమె టీవీలో కనిపించి, నాకేమీ కాలేదని చెప్పవలసి వచ్చింది.

నా మటుకు నాకు ఆ సంస్థ తీర్పు న్యాయంగానే అనిపిస్తుంది. సినిమా గొప్పది, సందేహం లేదు. కానీ పార్కిన్సన్ మాటను జనం నమ్మడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ నమ్మకాన్ని వాడుకునేటప్పుడు ఫోన్ లైన్లు సరిపోతాయా లేదా అన్నంత చిన్న విషయం ముందే చూసుకోవలసింది.

*

బీబీసీకి దెయ్యాల కథలు కొత్త కాదు. 1972 క్రిస్మస్ రోజున నైజెల్ నీల్ రాసిన ‘ది స్టోన్ టేప్’ వేసింది. పాత భవనాల రాళ్లు అక్కడ జరిగిన ఘోరాలను టేపులా రికార్డు చేసి పెట్టుకుంటాయన్నది అందులోని ఊహ. దెయ్యాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆ ఊహను ఇవాళ్టికీ ‘స్టోన్ టేప్ సిద్ధాంతం’ అనే పిలుస్తారు.

‘ఘోస్ట్‌వాచ్’ వచ్చిన ఏడేళ్లకు, 1999లో ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ వచ్చింది. చేతి కెమెరాతో తీసినట్టుండే భయానక చిత్రాలకు ప్రపంచమంతా గిరాకీ పెరిగింది అప్పుడే. 2020లో లాక్‌డౌన్ వేళ జూమ్ కాల్ మీద నడిచే ‘హోస్ట్’ తీసిన రాబ్ సావేజ్, తనకు స్ఫూర్తిగా ‘ఘోస్ట్‌వాచ్’ పేరు చెప్పాడు.

ఆ గొడవ తర్వాత బీబీసీ ‘ఘోస్ట్‌వాచ్’ను మళ్లీ వేయలేదు. పదేళ్ల పాటు బయట ఎక్కడా దొరకలేదు. 2002లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వీడియోగా, డీవీడీగా విడుదల చేశాకే కొత్తతరం చూడగలిగింది. దొరికితే తప్పకుండా చూడండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే మాత్రం వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోకండి.