చెవి పక్కన ట్రాన్స్‌మిటర్

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి, మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ కిలోకు పైగా బరువున్న పరికరాన్ని చెవికి ఆనించి, పోటీ సంస్థ బెల్ ల్యాబ్స్‌లోని జోయెల్ ఎంగెల్‌కు ఫోన్ చేశాడు. చేత పట్టుకున్న సెల్‌ఫోన్‌తో మనిషి చేసిన తొలి కాల్ అది. రేడియో తరంగాలను పంపే యంత్రం అంతవరకూ ఎక్కువగా స్టేషన్ టవర్ మీదో, పోలీసు జీపులోనో ఉండేది. ఆ రోజు అది తల పక్కకు చేరింది. కాబట్టి దాని గురించి పుట్టిన భయాన్ని వెర్రి అని కొట్టేయలేం. లెక్క చూడాల్సిందే.

1983లో అనుమతి పొందిన డైనాటాక్ 8000ఎక్స్ ధర 3,995 డాలర్లు. పది గంటలు ఛార్జింగ్ పెడితే అరగంట మాట్లాడొచ్చు. మన దేశంలో 1995 జులై 31న కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో తొలిసారి సెల్‌ఫోన్‌లో మాట్లాడారు. అప్పటికే అమెరికాలో అనుమానం రాజుకుంది. తన భార్యకు మెదడులో కణితి రావడానికి సెల్‌ఫోనే కారణమని ఫ్లోరిడా వాసి ఒకరు 1993లో టీవీలో చెప్పారు. ఆయన వేసిన కేసు కోర్టులో నిలవలేదు. అనుమానం మాత్రం నిలిచిపోయింది.

ఆ అనుమానంలో నిజమెంతో చూద్దాం. ఎక్స్‌రేలు, గామా కిరణాలు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడబెరికి డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఆ పనికి ఒక్కో ఫోటాన్‌కు, అంటే తరంగంలోని ఒక్కో శక్తి పొట్లానికి, దాదాపు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. ఒక గిగాహెర్ట్జ్ రేడియో తరంగంలో ఫోటాన్‌కు ఉండేది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతుల్లో నాలుగు వంతులే. ఇలాంటివి కోట్ల కొద్దీ వచ్చి పడినా కలిగేది కాస్త వేడి. ఆ వేడికి హద్దుగానే, శరీరం గ్రహించే శక్తిని కొలిచే ‘సార్’ విలువకు పరిమితి పెట్టారు. కిలో కణజాలానికి 1.6 వాట్లు మించకూడదని మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి నిబంధన ఉంది. చాలా ఫోన్లలో *#07# నొక్కితే ఆ అంకె కనిపిస్తుంది.

వేడి కాకుండా ఇంకేదైనా హాని జరుగుతోందా? ఇక్కడే అసలు పరిశోధన సాగింది. 13 దేశాల్లో జరిగిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం 2010లో వెలువడింది. మొత్తం మీద మెదడు కణితుల ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. కానీ జీవితంలో 1,640 గంటలకు మించి మాట్లాడామన్న వాళ్లలో గ్లయోమా అనే కణితి 40 శాతం ఎక్కువగా కనబడింది. ఆ గంటలు రోగులు గుర్తుచేసుకుని చెప్పినవి. కొందరు రోజుకు ఐదు గంటలకు పైగా మాట్లాడామన్నారు, అది నమ్మశక్యం కాదు. అయినా పట్టించుకోకుండా వదలడం సరికాదని, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చింది. సాక్ష్యం పరిమితంగా ఉన్నప్పుడు వేసే వర్గం అది. మన పత్రికల్లో చాలాసార్లు ‘కావచ్చు’ జారిపోయి ‘క్యాన్సర్’ ఒక్కటే మిగిలింది.

జ్ఞాపకం మీద ఆధారపడటమే లోపమైతే, ముందుగానే మనుషులను ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించాలి. కాస్మోస్ అధ్యయనం ఆ పనే చేసింది. యూరప్‌లో రెండున్నర లక్షల మందికి పైగా మనుషులను, ఫోన్ కంపెనీల కాల్ రికార్డుల సాయంతో పరిశీలించింది. ఎక్కువ మాట్లాడినవాళ్లకు మెదడు కణితులు ఎక్కువేమీ రాలేదని 2024లో తేల్చింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 63 అధ్యయనాలను జల్లెడపట్టిన సమీక్షా అదే మాట చెప్పింది. నా దృష్టిలో క్యాన్సర్ భయానికి ఇంతకంటే గట్టి సమాధానం అక్కర్లేదు. పిల్లల మీద, దశాబ్దాల వాడకం మీద పరిశీలన మాత్రం ఆగకూడదు.

సెల్‌ఫోన్ ఎదిగేకొద్దీ దాని ప్రసార శక్తి తగ్గుతూ వచ్చింది. తొలి అనలాగ్ ఫోన్లు 0.6 వాట్ల వరకు ప్రసారం చేసేవి. తర్వాతి జీఎస్ఎం ఫోన్ల సగటు గరిష్ఠం 0.25 వాట్లు. పైగా టవర్ దగ్గరుంటే ఫోన్ ఇంకా తగ్గించుకుంటుంది. దూరమైతే, ఊరవతల ఉన్నవాణ్ణి పిలిచినట్టు గొంతు పెంచుతుంది. కాలనీవాళ్లు ధర్నా చేసి టవర్‌ను దూరంగా పంపిస్తే, చెవి దగ్గరి తరంగాలు పెరుగుతాయే గానీ తగ్గవు. సిగ్నల్ ఒక్క గీతే ఉన్నచోట ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, అది చాలు.

ఫోన్‌తో అసలు ప్రమాదం మరోచోట ఉంది. ఫోన్ మాట్లాడుతూ వాహనం నడిపేవారికి ప్రమాదం జరిగే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెల్మెట్‌లో ఫోన్ ఇరికించుకుని వెళ్లేవాళ్లను ఏ కూడలిలోనైనా చూడొచ్చు. దయచేసి బండి పక్కకు ఆపి మాట్లాడండి.