నడచినను బరువు పెరుగుటేల?

దువ్వూరు చెంత కె.సి. కాలువ గట్టుమీద, వరిమళ్ళపై మంచు విడకమునుపే నెలదినములు వడివడిగా నడచి, చెమటోడ్చి, తుదకు తూకపుయంత్రమెక్కి చూడగా, ముల్లు వెనుకకు రాకపోగా ఒక కిలో ముందునకే జరిగియుండుట గాంచి నివ్వెరపోయినవారిలో నేనును ఒకడను.

ఇందలి మర్మము మొదట కండరమునందున్నది. కండరము తన పనికై గ్లైకోజన్ అను పిండిపదార్థమును దాచుకొనును. దాని ప్రతి గ్రాముతోడను సుమారు 3 గ్రాముల నీరు చేరును. కావున వ్యాయామమునకు క్రొత్తగా పూనుకొన్నవాని కండరములు ఆ నిలువను పెంచుకొనినకొలదియు, నొప్పిపట్టిన పోగులు వాచి నీటిని పట్టియుంచినకొలదియు, క్రొవ్వు ఇసుమంతయు పెరుగకయే తూకము పెరుగును.

రెండవ కారణము కొంత సిగ్గుపడదగినది. అరగంట నడకకు వ్యయమగునది ఇంచుమించు 120 కిలోకేలరీలు మాత్రమే; తిరుగుదారిలో ఆరగించిన బొరుగుల ఉగ్గానియు, రెండు మిరపబజ్జీలును ఆ లెక్కను ఇట్టే దాటిపోవును. "నడచితిని గదా" యని నేను మూడవ బజ్జీయు అడిగితిని.

దేహమును గడుసుదే. టాంజానియాలో దినమెల్ల తిరుగాడు హడ్జా వేటగాండ్ర శక్తివ్యయము, ఒడలి పరిమాణమునుబట్టి లెక్కింపగా, పట్టణవాసులదానిని మించలేదని 2012లో పాంట్జర్ అను శాస్త్రజ్ఞుని బృందము ప్రకటించెను. ఒకచోటి ఖర్చును శరీరము వేరొకచోట పొదుపుతో సరిపుచ్చునని వారి ఊహ.

ఎదుగు ప్రాయమున నున్నవారికి బరువు పెరుగుట సహజమే. నామట్టుకు, బజ్జీలు మానిన మరునెలకు ముల్లు కదలలేదుగాని, మొలత్రాడు వ్రేలెడు వదులై, ముడి విప్పి మరల బిగింపవలసివచ్చినది.