తప్పు క్యాబేజీది కాదు

క్యాబేజీ తింటే పురుగు మెదడుకెక్కుతుందన్న భయం మనవాళ్లలో చాలాకాలంగా ఉంది. ఫిట్స్ వచ్చిన పిల్లాడి స్కానింగ్‌లో చిన్న మచ్చ కనిపించి, డాక్టరు న్యూరోసిస్టిసెర్కోసిస్ అనగానే శాకాహారులు నివ్వెరపోతారు. పందిమాంసం వాసనైనా ఎరగని ఇంట్లోకి పంది నుంచి వచ్చే పురుగు ఎలా చేరింది? అసలు పందిమాంసంతో ఆ మచ్చకు నేరుగా సంబంధం లేదు. లార్వాలున్న మాంసాన్ని సరిగా ఉడికించకుండా తిన్నవాడి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. అతనికి పెద్ద బాధేమీ ఉండకపోవచ్చు. కానీ అతని మలంతో వేలకొద్దీ గుడ్లు బయటపడతాయి. చేతుల మీదుగానో, నీళ్లతోనో, కడగని పచ్చికూరలతోనో అవి ఎవరి కడుపులోకి వెళితే వారి రక్తంలో లార్వాలు ప్రయాణించి మెదడులో తిష్ఠ వేయవచ్చు. కాబట్టి క్యాబేజీలో కంటికి కనిపించే ఆకుపచ్చ పురుగు నిర్దోషి. ఆకులమీద పడే కనిపించని మలినమే దోషి. 1992లో ప్రచురితమైన న్యూయార్క్ ఉదంతం ఇందుకు గట్టి సాక్ష్యం. పందిమాంసం నిషిద్ధమైన సనాతన యూదు కుటుంబాల్లో నలుగురికి ఈ జబ్బు వచ్చింది. ఆరా తీస్తే, ఆ ఇళ్లలో పనిచేసేవారి నుంచి గుడ్లు సోకి ఉంటాయని తేలింది. ఆ పనివాళ్లను నిందించి లాభం లేదు, తమ పేగులో పురుగుందని వాళ్లకే తెలియదు.

మన దేశంలో ఈ మచ్చను చాలాకాలం క్షయ గడ్డ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగించారు. 1980లలో వేలూరు సీఎంసీ శస్త్రవైద్యులు కొన్నింటిని తీసి పరీక్షిస్తే, చాలావాటిలో కనిపించింది చనిపోతున్న లార్వాయే. అది బతికున్నన్నాళ్లూ ఏళ్ల తరబడి గుట్టుగా ఉండగలదు. చచ్చేటప్పుడు శరీరం దానిమీద విరుచుకుపడితే ఆ చోట వాపు వస్తుంది, చాలామందికి ఫిట్స్ అప్పుడే మొదలవుతాయి.

పంది లేకపోతే పురుగే ఉండదు కదా, పందుల పెంపకాన్నే ఆపేస్తే పోలేదా అని కొందరంటారు. మొదటి మాట నిజమే. అయితే పందికి ఈ పురుగును అంటించేది మనిషి మలమే. ఆరుబయట మలవిసర్జన ఆగి, పందులను దొడ్లో కట్టి మేపితే గొలుసు తెగుతుంది. ఒక వృత్తివారిని వేలెత్తి చూపితే తెగదు. మరుగుదొడ్లు అందరికీ వచ్చేదాకా ఆగాలా అంటే, అక్కర్లేదు. ఉత్తర పెరూలోని తుంబెస్‌లో మనుషులకూ పందులకూ మందు వేసి, పందులకు టీకా కూడా ఇస్తే వందకు పైగా గ్రామాల్లో దాదాపు అన్నిచోట్లా వ్యాప్తి ఆగినట్టు 2016లో వెల్లడైంది. పందులకు వేసే ఇలాంటి టీకాను హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ తయారుచేస్తోంది. ఈ పురుగు వ్యాప్తి ఉన్న చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నప్పుడు, ఆ టీకా మన పల్లెల్లో పందులకు అందకపోవడానికి సాకులు చెల్లవు.

ఒక్క జాగ్రత్త: ఫిట్స్ వచ్చినవారికి స్కానింగ్ చేయించకుండా నులిపురుగుల మాత్రలు సొంతంగా వేయొద్దు. లార్వాలు ఒక్కసారిగా చస్తే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు.